పైగదిలో సీసం

ఆగస్టు 3, ఆదివారం

ఈ డైరీ జనవరిలో నా భార్య నిస్సీ కొనిచ్చింది. ఇన్నాళ్లూ స్కూలు సంగతులే రాశాను. ఎవడు లేటు, ఎవడికి షూ లేదు, హెడ్మాస్టరు వాలీబాల్ నెట్టు ఎందుకు కొనడు. ఈరోజు చర్చి నుంచి వచ్చాక మధ్యాహ్నమంతా పైగదిలో ఉన్నాను. మనసు హాయిగా ఉంది. ఎవరితోనూ చెప్పుకునే హాయి కాదు, కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

సీసం కరిగించి నూట నలభై తుపాకీ గుండ్లు పోశాను. నాలుగే ఫెయిలు. మోల్డు చల్లగా ఉన్నప్పుడు సీసం పోస్తే గుండు మీద ముసలవ్వ మొహంలా ముడతలు పడతాయి. మరీ కాలితే పైన పౌడరు రాసినట్టు తెల్లబడుతుంది. ఆ రెంటికీ నడుమ ఒక వేడి ఉంది. అది దొరికిందా, ఇక చెయ్యి దానంతటదే పోతుంది. పోయడం, నాలుగు అంకెలు లెక్కపెట్టడం, మోల్డు విప్పి పాత తువ్వాలు మీదికి జార్చడం. పిల్లల మీద అరవడం, విజిల్ ఊదడం, మీటింగులు, ఏదీ గుర్తుండదు. మొదట్లో కరిగిన సీసాన్ని గుంతపొంగణాల పెనంలో పోసి బిళ్లలు చేసి దాచుకునేవాణ్ణి. ఎండాకాలంలో ఆన్‌లైన్లో బిళ్లలు పోసే అసలైన ట్రే తెప్పించుకున్నాను. ఇప్పుడు బిళ్లలు బిస్కెట్లలా వస్తున్నాయి.

తుపాకీ నాయనది. మా నాయన ఏసన్న వేరుశెనగ బుడ్డల చేలో అడవిపందుల బాధ పడలేక లైసెన్సు తెచ్చుకున్న పన్నెండు బోరు. నాయన పోయాక లైసెన్సు నా పేరుకు మారింది. ఇప్పుడు చేను లేదు, పందులు లేవు, తుపాకీ ఉంది. సెలవు రోజుల్లో పాడుబడ్డ నాపరాయి గనిలోకి పోయి బండలకు సున్నంతో గుర్తు పెట్టి కాలుస్తాను. లైసెన్సు మీద ఇచ్చే తూటాలు నా చెయ్యి కుదిరేలోపే అయిపోతాయి. అందుకని కాల్చిన ఖాళీ తూటా గొట్టాలు పారేయను. మళ్లీ నింపుతాను. రీలోడింగ్ అంటారు. యూట్యూబ్ చూసి నేర్చుకున్నాను.

తుపాకీకి లైసెన్సు ఉంది. నేను చేసే పనికి లేదు. దొరికితే పీఈటీ ఉద్యోగం, తుపాకీ రెండూ పోతాయి, జైలు అదనం. పైగది తాళంచెవి నా జేబులోనే ఉంటుంది. తుపాకీ తుడుచుకుంటున్నానని నిస్సీ అనుకుంటుంది.

సీసం రబ్బానీ ఇస్తాడు. టెన్త్ దాకా నాదీ వాడిదీ ఒకే బెంచీ. కాలనీ చివర పాత ఇనుము, పాత బ్యాటరీల షెడ్డు వాడిది. కారు చక్రాలకు బిగించే సీసం ముక్కలు డబ్బా నిండగానే ఫోన్ చేస్తాడు. ఏమప్పా శామూ, ఇంత సీసం ఏం చేస్తాండావు, మీ చర్చికి గంట పోస్తాండావా అని నవ్వుతాడు. వాడికి తెలుసు. వాడికొక్కడికే తెలుసు.

ఆగస్టు 11

మా పాప ఆరాధనకు మళ్లీ కడుపునొప్పి. ఐదేళ్ల పిల్ల ముడుచుకుని పడుకుంటే చూడలేం. మా అత్త విశ్వాసమ్మ, నిస్సీ వాళ్లమ్మ, బొడ్డు చుట్టూ ఆముదం రాసి, ప్రార్థన చేసి, మళ్లీ ఉప్పు తిప్పి పొయ్యిలో వేసింది. ప్రార్థన చేశాక దిష్టెందుకు అంటే, యేసయ్య పనులు యేసయ్యవి, ఉప్పు పని ఉప్పుది నాయనా అంది.

ఈమె జూన్లో బడులు తెరిచినప్పుడు వచ్చింది. నిస్సీ పక్క మండలంలో టీచరు, ఏడున్నర బస్సుకు పోవాలి. నేను ఆరింటికే గ్రౌండులో ఉండాలి. ఈమె రాకపోతే మా ఇల్లు నడవదు.

ఆగస్టు 20

యూకేజీ మిస్ పిలిపించింది. పాపకు జూన్లో వచ్చిన అక్షరాలు ఇప్పుడు రావడం లేదట. పక్క పిల్లను కొరికిందట. ఇంటికొచ్చి పలక ఇచ్చి ‘అ’ రాయమన్నాను. రాయలేదు. అరిచాను. గ్రౌండులో అరిచినట్టు అరిచాను. పలక కింద పెట్టి గోడ వైపు తిరిగి కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

ఆగస్టు 24, ఆదివారం

నలభై గుండ్లు. పదకొండు ఫెయిలు. 

సెప్టెంబరు 2

సెలవు పెట్టి కర్నూలు పోయాం. పిల్లల డాక్టరు శివకుమారి గారు కనురెప్ప కిందికి లాగి చూశారు, చిగుళ్లు చూశారు, రక్తం తీయించారు. తర్వాత మామూలుగానే అడిగారు. ఇంట్లో పాత పెయింటు రాలుతోందా, పాపకు సుర్మా పెడతారా, దగ్గర్లో పాత బ్యాటరీలు విప్పే చోటు ఏమైనా ఉందా, ఇంట్లో ఎవరైనా సీసంతో పని చేస్తారా అని.

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు.  నిస్సీయే చెప్పింది, ఈయన పీఈటీ, నేను టీచరు, మా ఇంట్లో అట్లాంటి పనులేవీ లేవు మేడమ్ అని. నేను తల ఊపాను. ఎంత గట్టిగా ఊపానో నాకే సిగ్గేసింది.

రిపోర్టు హైదరాబాదు నుంచి రావాలట. ఇంట్లో అందరూ రక్తం ఇచ్చి పోండి అన్నారు. నిస్సీ ఇచ్చింది, అత్త ఇచ్చింది. నాకు సూదంటే కళ్లు తిరుగుతాయని చెప్పి బయటికి వచ్చి బండి దగ్గర నిలబడ్డాను. ఎన్‌సీసీ క్యాంపుల్లో నాలుగుసార్లు రక్తదానం చేసిన మనిషిని.

సెప్టెంబరు 9

రిపోర్టు వచ్చింది. పాప రక్తంలో సీసం నలభై ఒకటి. ఐదు దాటకూడదట.

మెదడు మీద పని చేస్తుందట. చిన్నపిల్లలకు ఎక్కువట. సీసం ఎక్కడి నుంచి వస్తోందో ఆపకుండా ఎన్ని మందులేసినా లాభం లేదు, ఆపితే ఈ వయసులో చాలావరకు కోలుకుంటుంది అని డాక్టరు ఫోన్లో చెప్పారు. నిస్సీకి, అత్తకు మామూలుగానే ఉంది. పాపకే ఎందుకు?

నిస్సీ ఫోను పెట్టేసి, బ్యాటరీల షెడ్డు అంది. ఒక్క మాటే. పాప ఆ వీధిలోనే కదా ఆడుకుంటాది అంది. 

అదే రోజు, సాయంత్రం

పైగది కడిగాను. సీసం, కుంపటి, మోల్డు, అన్నీ గోతాంలో కట్టి అటక మీదికి నెట్టాను. ఇక ముట్టను.

కానీ ఎలా చేరింది పిల్లకు? ఆరాధన ఆ గది గడప కూడా తొక్కలేదు. తలుపు కింద గుడ్డ పెట్టేవాణ్ణి. బట్టలు విడిగా ఉతుక్కునేవాణ్ణి. చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగేవాణ్ణి. ఎంత ఆలోచించినా నా దగ్గర నుంచి పిల్ల దాకా దారి కనపడడం లేదు. అయితే నిజంగా షెడ్డేనేమో. బ్యాటరీల్లో ఉండేదీ సీసమే కదా. గాలికి దుమ్ము రాదా? రావచ్చు. ఎందుకు రాకూడదు?

ఇలా అనుకున్నాక ఆకలేసింది. తిన్నాను.

సెప్టెంబరు 13

కౌన్సిలర్ వీరభద్ర ఇంటికి వచ్చాడు, వెనక కాలనీవాళ్లు ఇరవై మంది. షెడ్డు మూయించాలని అర్జీ టైపు చేయించి తెచ్చాడు. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇస్తారట. మొదటి సంతకం బిడ్డ తండ్రిది ఉండల్ల సార్, అప్పుడే బరువుంటాది అన్నాడు. రబ్బానీ కరగబెట్టడు, పాత బ్యాటరీలు కొని లారీకెత్తి పంపుతాడంతే అన్నాను. ఈ మాత్రం అన్నాను, రాసుకోవాలి. వీరభద్ర నవ్వి, ఏం సార్, నువ్వు పోయి చూసినావా అన్నాడు.

చూశాను. ఎన్నిసార్లో. అది చెప్తే ఎందుకు పోయావంటారు.

సంతకం పెట్టాను. కె. శామ్, పీఈటీ. పెన్ను కూడా నాదే.

సెప్టెంబరు 18

షెడ్డుకు సీలు వేశారు. మట్టి తీసి టెస్టుకు పంపారట, రిపోర్టు ఎప్పుడొస్తుందో తెలియదట, ముందు తాళం. నేను స్కూలు నుంచి వస్తూ అటే రావాల్సి వచ్చింది. రబ్బానీ షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని. జనం నాకు దారి ఇచ్చారు, బాధపడే తండ్రిని కదా. వాడు నన్ను చూశాడు. నోరు తెరిస్తే ఒక్క నిమిషంలో నా బతుకు అయిపోయేది. తెరవలేదు. బండి స్టార్ట్ చేయడానికి మూడు కిక్కులు పట్టాయి.

సెప్టెంబరు 24, బుధవారం

ఈరోజు నుంచి దసరా సెలవులు. గ్రౌండు లేదు. ఎన్నాళ్లకో పొద్దున ఎనిమిదింటికి ఇంట్లో ఉన్నాను.

వంటింట్లోంచి వాసన వచ్చింది. పులిసిన పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. ఆరాధన పీట మీద కూర్చుని ఉంది. అత్త పొంగణాలు తిప్పుతోంది. ఒకటి తీసి ఊది పాప నోటికిచ్చింది. నేను కూడా ఒకటి అడుగుదామని వంగాను. పెనం చూశాను.

ఏడు గుంతలు. ఒక చెవి విరిగింది. విరిగిన చోట జీఐ తీగ చుట్టి ఉంది. ఆ తీగ చుట్టింది నేను. పట్టకారుతో రెండు పేటలుగా మెలిపెట్టి, కొస లోపలికి వంచి.

అది నా పెనం. ట్రే వచ్చాక మెట్ల కింద పడేసిన పెనం. రెండేళ్లు నేను సీసం పోసిన పెనం.

ఇది ఎక్కడిదని అడిగాను.  అత్త సంతోషంగా చెప్పింది. వచ్చిన కొత్తలో మెట్ల కింద దొరికిందట. బంగారట్లా పెనము అట్ల పారేసుకున్నారు, చింతపండేసి రెండు దినాలు తోమినా, గుంతల్లో తెల్లగా మెరుస్తాండాది చూడు నాయనా, కళాయి పూసిన సామాను, ఇప్పుడు యాడ దొరుకుతాది అంది. పాపకు ఈ పొంగణాలంటే పానం, దినమూ ఇవే అంది.

కళాయి! ఆమె చిన్నప్పుడు ఇత్తడి గిన్నెలకు పూసే తెల్లటి మెరుపు అనుకుంది. జూన్ నుంచి రోజూ. నిస్సీ బస్సు హడావిడిలో టీ తాగి పోతుంది. అత్తకు షుగరు, రాగిసంగటి తప్ప ముట్టదు. నేను గ్రౌండు దగ్గర బండి మీద ఉగ్గాని తింటాను. ఆదివారం దోసెలు. మిగిలిన ఆరు రోజులూ ఈ పెనం మీదవి తిన్నది మా ఇంట్లో ఒక్క ఆరాధనే. పులుపు తగిలితే సీసం వదులుతుందని నాకు తెలుసు. నాకు ఎన్నో తెలుసు. థూ నా తెలివి.

పాప చేతిలోది లాక్కున్నాను. ఏడ్చింది. పిండి పులిసిపోయింది, వాసనొస్తోంది అని అబద్ధమాడి పిండితో సహా పారబోశాను. అత్త మొహం చిన్నబోయింది. పెనం చల్లారేదాకా కూడా ఆగలేదు. గోతాంలో చుట్టి బండి ముందు పెట్టుకుని కేసీ కాలువ వంతెన మీది నుంచి విసిరేశాను. మోకాలి దగ్గర కాలింది, బొబ్బ లేచింది. తిరిగొచ్చేటప్పుడు బజార్లో కొత్త నాన్‌స్టిక్ పెనం కొన్నాను. పాతది పగిలిందని చెప్పాను.

బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను.

సెప్టెంబరు 25

చెప్పలేదు.

సెప్టెంబరు 27

రబ్బానీ ఇంటికి పోయాను. వాడి భార్య జులేఖా బీ తలుపు తీసి, లోపలికి పోయి టీ పెట్టింది. 

వాడికి అంతా చెప్పాను. పెనం గురించి మొదట చెప్పింది వాడికే.  విని వాడు మొదట అడిగింది, పాప ఇప్పుడెట్లుండాది అని. తర్వాత అన్నాడు: నేను పోయి చెప్తే ఎవురు నమ్ముతారప్పా? దొంగనాకొడుకు తప్పించుకోనీకి సారు పేరు చెప్తాండాడంటారు. నేను చెప్పను. ఏసన్న మామ చేతి కూడు తిన్నోన్ని. కానీ శామూ, నీ నోటితోనే రావల్ల. నాకు షెడ్డు పోతే పోనీ. బిడ్డల రక్తంలో ఇసం కలిపినోడని నా పేరు పెడ్తాండారు. ఆ పేరుతో ఈ ఊళ్లో ఎట్లా బతకల్ల?

వారం టైమివ్వు అన్నాను. తల ఊపాడు. వెళ్లేటప్పుడు చేయి పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకోలేదు.

అక్టోబరు 4

వారం అయిపోయింది. స్టేషన్ ముందు నుంచి రెండుసార్లు పోయాను. రెండోసారి కానిస్టేబుల్ నమస్తే సార్ అన్నాడు, వాళ్ల అబ్బాయి నా కబడ్డీ టీములో ఉన్నాడు. నమస్తే అని వచ్చేశాను.

నేను ఉద్యోగం పోగొట్టుకుంటే ఆరాధన మందులెట్లా? ఇదొక సాకు. నేను జైలుకు పోతే నిస్సీ ఎలా తలెత్తుకుంటుంది? ఇంకొక సాకు. అన్నీ సాకులే, అన్నీ నిజాలే. కుడితిలో పడ్డ ఎలుకను ఎన్నోసార్లు చూశాను. అది గోడ ఎక్కుతున్నంతసేపూ ఎక్కుతూనే ఉన్నాననుకుంటుంది.

అక్టోబరు 7

సెలవులయ్యాయి. ఫిరోజా గ్రౌండుకు రాలేదు. రబ్బానీ కూతురు, తొమ్మిదో తరగతి, ఎనిమిది వందల మీటర్లలో నాకున్న ఒకే ఒక మంచి రన్నరు. జోనల్స్ పోటీలు పదిహేను రోజుల్లో ఉన్నాయి. క్లాసుకు పోయి అడిగితే, ఇంట్లో పనుంది సార్ అంది. తల దించుకునే అంది.

తర్వాత ఆడపిల్లలు చెప్పారు. ఆమెతో నీళ్ల బాటిల్ పంచుకోవడం లేదట. సీసమోళ్ల పిల్ల అంటున్నారట. అన్నవాళ్లను పిలిపించి గ్రౌండు చుట్టూ ఎనిమిది రౌండ్లు కొట్టించాను. ఎందుకు సార్, ఏం తప్పు చేసినాము అని ఒక పిల్ల రొప్పుతూ అడిగింది. విజిల్ ఊదాను.

అక్టోబరు 18

ఇరవై మూడు! నలభై ఒకటి నుంచి ఇరవై మూడు! పాప నిన్న ‘అ’ నుంచి ‘ఊ’ దాకా రాసింది. కడుపునొప్పి లేదు. అన్నం అడిగి పెట్టించుకుంటోంది. దేవుడా, నీకు స్తోత్రం.

డాక్టరు గారు చాలా సంతోషించారు. ఏం మార్చారు అని అడిగారు. నిస్సీ వెంటనే చెప్పింది, షెడ్డు మూయించినాము మేడమ్. డాక్టరు గారు రాసుకున్నారు. నేను చూస్తూ ఉండగా ఇంగ్లీషులో రాసుకున్నారు.

పెనం పోయింది, పాప కోలుకుంది. షెడ్డు మూతపడింది, పాప కోలుకుంది. ఊరికి రెండోదే తెలుసు. నా బిడ్డ ఎంత బాగుపడితే రబ్బానీ అంత దోషి. ఎంత గొప్పగా కుదిరిందో చూడు.

అక్టోబరు 22

వీరభద్ర స్వీటు డబ్బా తెచ్చాడు. మా పోరాటం గెలిచినాది సార్ అన్నాడు. ఆరాధన రిపోర్టులు రెండూ ఫోటో తీసుకున్నాడు. నవంబరు 10 గ్రీవెన్స్‌లో షెడ్డు లైసెన్సు పూర్తిగా రద్దు చేయిస్తారట, రబ్బానీ స్థలం ఖాళీ చేయాలట. నేను కలెక్టరు ముందు మాట్లాడాలట. ఇంక నీ చేతిలోనే ఉండాది సార్ అన్నాడు.

స్వీట్లు పాప తింది. రెండు.

అక్టోబరు 24

జోనల్స్. ఎనిమిది వందల మీటర్లకు మా స్కూలు పేరు పిలిచారు. ఎవరూ లేవలేదు.

నవంబరు 2, ఆదివారం

చర్చిలో ప్రార్థన అయ్యాక మా పాస్టరు అయ్యగారు హెన్రీ గారు గుమ్మం దగ్గర ఆపారు. వచ్చే ఆదివారం పాప స్వస్థత కోసం కృతజ్ఞతార్పణ పెట్టుకుందాం, తండ్రిగా నువ్వు సాక్ష్యం చెప్పాలి మాస్టరూ అన్నారు. అత్త అప్పుడే చీర కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. మా చర్చిలో స్వస్థత పొందినవాళ్లు సంఘం ముందు లేచి సాక్ష్యం చెప్పకుండా ఉండరు. చెప్పనంటే, ఎందుకు చెప్పవని అడుగుతారు.

ముందు ఆదివారం దేవుడి ఎదుట. మర్నాడు సోమవారం కలెక్టరు ఎదుట. ఇక ఎటు పోతాను?

నవంబరు 8, శనివారం

మధ్యాహ్నం అత్త పాపను తీసుకుని అంగడికి పోయింది. నిస్సీని పైగదికి తీసుకుపోయి తాళం తీశాను. అటక మీది గోతాం దించి చూపించాను. మోల్డు, బిళ్లలు, నింపిన తూటాలు. చెప్పాను. పెనం సంగతి కూడా.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. బిళ్ల ఒకటి చేతిలోకి తీసుకుని, వెంటనే కింద పెట్టి, చెయ్యి చీరకు తుడుచుకుంది, మళ్లీ మళ్లీ తుడుచుకుంది. ఎన్నాళ్లనుంచి తెలుసు అని అడిగింది. సెప్టెంబరు 24 అన్నాను. నెలన్నర నా పక్కన పడుకున్నావు అంది. నేనే కదా డాక్టరు మేడమ్ ముందు షెడ్డని చెప్పింది, నా నోటితో చెప్పించినావు అంది. అప్పుడు ఏడ్చింది.

తర్వాత ముఖం కడుక్కుని వచ్చి చెప్పింది. నువ్వు ఏమైనా చేసుకో, పెనం సంగతి మాత్రం ఎత్తొద్దు. తన చేత్తోనే మనమరాలికి ఇసం పెట్టినట్టు తెలిస్తే మా అమ్మ బతకదు అంది. పెనం సంగతి లేకుండా నేనేం చెప్పాలి? పెనమే కదా సంగతి. పెనం లేకపోతే దోషం మళ్లీ షెడ్డు దగ్గరికే పోతుంది.

అంగడి నుంచి వచ్చిన అత్త ఇప్పుడు వంటింట్లో రేపటికి కేకు పిండి కలుపుతూ పాట పాడుకుంటోంది.

నవంబరు 9, ఆదివారం, సాయంత్రం

చెప్పేశాను.

ముందుగా రాసుకున్న చీటీ జేబులోనే ఉండిపోయింది. లేచి, నా బిడ్డను దేవుడు బాగుచేశాడు, చెడగొట్టింది నేను అన్నాను. అక్కడి నుంచి ఆగలేదు. సీసం, పైగది, పెనం, అర్జీ మీద సంతకం, కాలువ. అత్త వైపు చూడకుండా చెప్పాను. పెనం దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో అయ్యో ప్రభువా అన్నారు. 

అయ్యగారు దిగి వచ్చి నన్ను కౌగిలించుకున్నారు. సంఘమంతా ఏడ్చింది. పెద్దలు ఒక్కొక్కరే వచ్చి భుజం తట్టారు. దేవుడు క్షమించినాడు మాస్టరూ, మేమూ క్షమించినాము అన్నారు. నా ఒళ్లు తేలికైంది. నిజంగా తేలికైంది, ఐదు నిమిషాలు.

ఆ తర్వాత అయ్యగారి గదిలో కూర్చోబెట్టి తలుపు వేశారు. ఈ మాట ఈ గోడలు దాటకూడదు అన్నారు. రేపు కలెక్టరాఫీసుకు పోవద్దు, జ్వరమని చెప్పు అన్నారు. ఉద్యోగం పోతే బిడ్డ ఏమి కావల్ల? మన సంఘం పేరు ఏమి కావల్ల? ఆ రబ్బానీకి ఇంకో ఊళ్లో ఇంకో షెడ్డు దొరకదా, పాత బ్యాటరీలు ఊళ్లో ఎట్లైనా మంచిది కాదు కదా అన్నారు. అందరూ నా మేలు కోరేవాళ్లే. ఎంత ప్రేమగా చెప్పారంటే, సరేనని తల ఊపాను కూడా. పైగదికి నా దగ్గర ఒక్క తాళంచెవే ఉండేది. ఇప్పుడు నలభై కుటుంబాలు కలిసి తాళం వేశాయి.

నన్ను అంతమంది క్షమించారు. క్షమించాల్సినవాడు ఆ గుడిలో లేడు. వాడికి రేపు పది గంటలకు గ్రీవెన్స్.

ఇంటికి నడిచి వచ్చాం. నిస్సీ ముందు, పాపను ఎత్తుకుని. అత్త వెనకబడింది. ఆగాను. కాళ్ల మీద పడబోతే పైటకొంగుతో నా భుజం మీద కొట్టింది, రెండు దెబ్బలు. నా చేత్తోనే పెట్టినా గదా నాయనా, దినమూ ఊది ఊది పెట్టినా గదా అని వీధిలోనే ఏడ్చింది. ఎదురింటివాళ్లు చూశారు. చాలాసేపటికి ముక్కు తుడుచుకుని, కోపంగా అడిగింది: ఆ పెనము యాల పారేసినావు? అది ఉంటే చూపించుకోనుంటిమి. ఇప్పుడు ఎవురు నమ్ముతారు? ఆ తురకాయప్పను ఎట్లా ఇడిపిస్తావు?

నేనూ, వెనక్కి వచ్చిన నిస్సీ ఇద్దరం ఆమెవైపు చూశాం. ఆమె బతకదనుకున్నాం. ఆమె మాకంటే ముందు ఉంది.

పెనం లేదు. ఏముంది నా దగ్గర? తారీఖులతో సహా ఏముంది?

నవంబరు 10, సోమవారం, ఉదయం 8.40

ఎస్సై గారికి,

ఈ డైరీ ఆగస్టు 3 నుంచి చదవండి. అంతకు ముందున్నవి స్కూలు సంగతులు. తుపాకీ, మోల్డు, మిగతావన్నీ నేను తెచ్చిన ఈ గోతాంలో ఉన్నాయి. పది గంటల్లోపు కలెక్టరాఫీసుకు ఒక ఫోను కొట్టండి సార్. ముందు షెడ్డు తాళం, తర్వాత నా సంగతి. నేను యాడికీ పోను, ఈడనే స్టేషన్ బెంచీ మీద ఉంటా.